అతిథి దొరకని ద్వాదశి

పూర్వం, నదులు మనుషులతో మాట్లాడడం ఇంకా పూర్తిగా మానుకోని కాలంలో, శుభ్రవతీ నది తూర్పు సముద్రంలో సంగమించే చోట హేమకూలమనే మహానగరాన్ని రాజధానిగా చేసుకొని, ధర్మజ్ఞుడూ దానశీలుడూ సత్యసంధుడూ అయిన ధృతవ్రత మహారాజు రాజ్యం చేసేవాడు. ఆయన సద్గుణాలకు కొదవ లేదు. పట్టిన పట్టు విడవకపోవడం వాటిలో మొదటిది. మంచిపని మీద పట్టు పట్టినప్పుడు లోకం దానిని దీక్ష అని కొనియాడేది. తక్కిన సమయాల్లో దానికి ఏ పేరు పెట్టాలో తెలియక ఆస్థాన పండితులు ఉత్తరీయాలు సర్దుకుంటూ ఊరుకునేవారు.

ఆ రాజ్యంలో అందరూ ఒకే దేవుణ్ణి ఒకే తీరున కొలిచేవారు కారు. నగరవాసులు శ్రీహరిని అర్చించి ఏకాదశులు ఉపవసించేవారు. నగరానికి వెనుక నిలిచిన నీలగ్రీవ పర్వతం మీది కొండజనం గిరిమాతను కొలుస్తూ, కొత్త సామలు ఇంటికి వచ్చిన రోజున కొత్తల పండుగ చేసుకొనేవారు. పడమటి సముద్రాల నుంచి ఓడలెక్కి వచ్చి రేవులో స్థిరపడిన నావికులు రూపం లేని పరంజ్యోతిని ప్రార్థిస్తూ, ఏడాదికొక చాంద్రమాసం పగలంతా మంచినీళ్ళైనా ముట్టక, పొద్దుగూకి చుక్క పొడిచాక ఇసుకలో పొయ్యిలు పెట్టి గంజి కాచుకొని తాగేవారు. కొండ పాదాన గుహల్లో ఉండే నిర్గ్రంథ మునులు రోజుకొక్కసారి దోసిట్లో పట్టినంతే తినేవారు. అదీ గృహస్థులు తమకోసం వండుకొన్నదానిలో మిగిలినదే తప్ప, మునుల కోసమని వండినది ముట్టేవారు కారు. ఎవరి పండుగ వారిది, ఎవరి పస్తు వారిది. ఒకరి పూట ఇంకొకరి పూటకు అడ్డం వచ్చిందన్న మాట అంతవరకూ ఎవరూ వినలేదు.

ఇట్లుండగా మేఘాలు హేమకూలాన్ని మరచిపోయాయి. శుభ్రవతి ఇసుక తేలి, పశువులు ఎముకలు తేలి, బావుల్లో చేదలు బురదను తట్టి ఊరికే పైకి వస్తూంటే, ప్రజల ముఖాలు చూడలేక ధృతవ్రతుడు అరణ్యానికి వెళ్ళి, జటావల్కలధారీ త్రికాలవేదీ అయిన మౌంజాయన మహర్షి పాదాలపై వ్రాలి తన దుఃఖం విన్నవించుకొన్నాడు. మహర్షి కొంతసేపు కన్నులు మూసి, తెరచి, ఇట్లా అన్నాడు.

"రాజా, ఏడాదిపాటు ప్రతి శుక్ల ఏకాదశినాడూ నిరాహారివై శ్రీహరిని ధ్యానించు. మరునాడు ద్వాదశి తిథి దాటకముందే పారణ చెయ్యి. అయితే దీనికొక నియమం ఉంది. నీ ఇంటివాడు కాని అతిథికి, ఆకలిగొన్నవాడికి, నీ చేతులతో వడ్డించాలి. అతడు తన ఇష్టంతో తిని తృప్తి అని నోరారా పలికిన తరువాతనే నీవు ముద్ద ముట్టాలి. సంవత్సరాంతాన వచ్చే ద్వాదశిని ఈ నియమం తప్పకుండా ముగించావా, వర్షం కురుస్తుంది. తిథి దాటినా, అతిథి తప్పినా, ఏడాది తపస్సూ బూడిదలో పోసిన పన్నీరవుతుంది."

పట్టు పట్టడానికి ఇంతకన్న మంచి పని ధృతవ్రతుడికి అంతవరకు దొరకలేదు. ఏకాదశి తరువాత ఏకాదశిగా నిర్జలంగా ఉపవసించాడు. ప్రతి ద్వాదశినాడూ ఎవరో ఒక అతిథి కోట గుమ్మం ముందు కనిపించేవాడు. ఒక నెల కొండ మీది నుంచి తేనె దింపిన ఆడమనిషి, ఒక నెల తెరచాప చిరిగి ఒడ్డుకు కొట్టుకువచ్చిన నావికుడు, ఒక నెల దారి తప్పిన గాజుల వర్తకుడు. రాజు వినయంగా వడ్డించేవాడు, వారు తినేవారు, తృప్తి అనేవారు, వెళ్ళిపోయేవారు. వారి ముఖాలు ఎట్లా ఉన్నాయని అడిగితే మాత్రం ఆయన చెప్పలేడు. వడ్డించే చేయి విస్తరి మీద ఉన్నా, చూపు నీటిగడియారం మీదా మనస్సు తిథి మీదా ఉండేవి. వానను తెచ్చేది తన ఉపవాసమేనని, అతిథి దానికొక లాంఛనమని ఆయన అభిప్రాయం.

అందుచేతనే చివరి నెలలో, భాద్రపద శుక్ల ఏకాదశి దగ్గరపడినప్పుడు, ఆయనకొక ఆలోచన వచ్చింది. ఆ రోజు రాజ్యంలో ప్రతి ఒక్కరూ తనతోపాటు ఉపవసించాలి. ఏ ఇంటా పొయ్యి వెలగకూడదు. నగరంలోని ప్రతి గృహస్థుడూ మరునాడు తన నియమంతోనే, అంటే అతిథికి పెట్టిన తరువాతే, పారణ చెయ్యాలి. చాటింపు వేయడానికి ముందు పట్టమహిషి హిరణ్యలేఖ, మృదుభాషిణే అయినా మాట మింగే స్వభావం లేని ఇల్లాలు, ఆయనతో ఇట్లా అంది.

"ప్రభూ, ఆ రోజు కొండ మీద కొత్తల పండుగ. రేవులో వారికి ఉపవాస మాసం నడుస్తున్నది. మనం పస్తుండడానికి వారి పొయ్యిలు ఎందుకు ఆరాలి?"

"దేవీ, వాన కురిస్తే వారి చేల మీదా కురుస్తుంది కదా. ఫలం అందరిదీ అయినప్పుడు వ్రతం మాత్రం నా ఒక్కడిదే కావడం న్యాయమా? ఒక్కడి ఉపవాసానికి కరగని మేఘం రాజ్యమంతా పస్తుంటే కరగదా?"

"కరుగుతుందేమో. కాని ఉపవాసం ఉండడం వేరు, ఉంచడం వేరు."

రాజు చిరునవ్వు నవ్వి చాటింపు వేయించాడు.

ఏకాదశి వచ్చింది. రాజాజ్ఞను అక్షరాలా అమలు జరపడంలో భటులను మించినవారు ఏ యుగంలోనూ లేరు. వారు కుండలతో నీళ్ళు మోసుకొని బయలుదేరారు. తాగడానికి నీళ్ళు లేని రాజ్యంలో పొయ్యిలు ఆర్పడానికి నీళ్ళు దొరకడం ఒక వింత. కొండ మీద పండుగకు వెలిగించిన గిరిమాత నిప్పును, తరతరాలుగా ఆరని నిప్పును, ఆర్పారు. రేవులో పొద్దుగూకి, చుక్క పొడిచి, నావికులు గంజి ముంతలు నోటిదాకా ఎత్తిన క్షణంలో పొయ్యిలను తన్ని గంజిని ఇసుకలో ఒలకబోశారు. చివరికి శ్రీహరి ఆలయంలో నైవేద్యం వండే వంటశాలలోకి కూడా వెళ్ళి పొయ్యి మీద నీళ్ళు కుమ్మరించారు. ఆజ్ఞలో మినహాయింపు ఉన్నట్టు వారికెవరూ చెప్పలేదు మరి. ఇవేవీ తెలియని ధృతవ్రతుడు పూజామందిరంలో నిశ్చలంగా కూర్చొని, రాజ్యమంతా తనతో కలిసి జపిస్తున్నదని పొంగిపోయాడు.

ద్వాదశి తెల్లవారింది. తిథి మధ్యాహ్నానికి ముందే ముగుస్తుందని పురోహితులు లెక్క కట్టి చెప్పారు. రాజు స్నానం చేసి, విస్తరి వేసి, పాయసమూ పులిహోరా సిద్ధం చేయించి, గుమ్మం ముందు నిలబడ్డాడు. ఎవరూ రాలేదు. హేమకూలంలో గుక్కెడు గంజి కూడా పుట్టదన్న వార్త ముందే పాకిపోవడంతో బాటసారులు ఆ దారే వదిలేశారు. ఎండ ఎక్కుతున్నది. నీటిగడియారపు గిన్నె నిండుతూ మునుగుతూ ఉన్నది. ఇక ఓర్వలేక ధృతవ్రతుడు అన్నపాత్రను తానే చేతబట్టి, రథం తెప్పించుకొని వీధిలోకి వెళ్ళాడు.

వీధిలో ఆయన చూసిన దృశ్యం వేరొక సమయంలో అయితే నవ్వు తెప్పించేది. ప్రతి గుమ్మంలోనూ ఒక గృహస్థుడు కంచం పట్టుకొని నిలబడి ఎదుటి గుమ్మంవాణ్ణి బతిమాలుతున్నాడు.

"బావా, నువ్వొచ్చి మా ఇంట్లో నాలుగు ముద్దలు తినిపో, నీ రుణం ఉంచుకోను."

"నేనెట్లా తింటాను బావా? నేను తినాలంటే ముందు మా ఇంట్లో ఎవరో ఒకరు తినాలి గదా. నువ్వే ఇటు రా."

"వస్తే నా పారణ ఏం కాను?"

అందరికీ రాజుగారి నియమమే. అందరూ వడ్డించేవారే కాని విస్తరి ముందు కూర్చోగలవాడు ఊరంతటిలో ఒక్కడు లేడు. రథం పక్కన పరుగెత్తుతున్న పురోహితుడు గొంతు తగ్గించి, "మహారాజా, ఒకణ్ణి ఆజ్ఞాపించండి, కూర్చొని తింటాడు" అన్నాడు. ధృతవ్రతుడు తల అడ్డంగా ఊపాడు. తన ఇష్టంతో తినాలని మహర్షి అన్న మాట ఆయనకు గుర్తుంది. ఆ మాటతోపాటే రాణి అన్న మాట కూడా గుర్తుకు వచ్చింది. రథాన్ని రేవు వైపు తోలించాడు.

రేవులో నావికుల పెద్ద, సముద్రాల లోతులు చూసి తల నెరసిన సారంగుడు, పడవ నీడలో కూర్చొని వలకు ముడులు వేస్తున్నాడు. పెదవులు పగిలి ఉన్నాయి. రాజును చూసి లేచి నిలబడ్డాడు.

"సారంగా, నా అతిథివై ఈ అన్నం స్వీకరించు."

"ప్రభువులు స్వయంగా తెచ్చారు, నా భాగ్యం. కాని పొద్దు ఇంకా ఎక్కుతూనే ఉన్నది. పొద్దు ఉండగా మేము ముట్టము. చీకటి పడ్డాక దయచేయండి, పిల్లలతో సహా కూర్చొని తింటాం."

"చీకటి పడేసరికి నా తిథి దాటిపోతుంది. రాత్రి తిన్నవాడివే కదా, ఒక్క పగటికి..."

"రాత్రి తినలేదు ప్రభూ." సారంగుడు ఇసుకలో తెల్లగా ఎండి అట్టకట్టిన గంజి మరకను చూపించాడు. "తమ భటులు వచ్చారు. తమరి వ్రతం అన్నారు. రాజ్యానికి వాన కావాలి కదా అని మేమూ ఊరుకున్నాం. పిల్లలు కొంచెం ఏడ్చారు."

ధృతవ్రతుడు వంగి ఆ మరకను చూశాడు. ఒక పూట ఉపవాసంలో ఉన్న పుణ్యం ఎంతో ఆయనకు తెలుసు. నిన్న తన పేరు మీద రెండు పూటల ఆకలిని ఈ మనుషుల నెత్తిన పెట్టారని ఇప్పుడే తెలిసింది. సిగ్గుతో ముఖం కాగిపోయింది. చేతులు జోడించి రథమెక్కాడు.

కొండ పాదాన గుహ ముందు నిర్గ్రంథ మునుల గురువు, రాతిమీద చెక్కినట్టు కృశించిన దేహంతో నిలబడి ఉన్నాడు. రాజు సాష్టాంగపడి ప్రార్థించగా ఆయన పాత్రలోకి తొంగిచూసి, "ఇది అతిథి కోసమని వండినది నాయనా. మాకు పనికిరాదు. ఏ ఇంట పొగ లేస్తే ఆ ఇంటి మిగులు మాది. నిన్న నీ నగరంలో పొగ లేదు. నేడు వండినదంతా అతిథుల కోసమే, తిన్నవారు లేక మిగులూ లేదు" అని శాంతంగా చెప్పి కన్నులు మూసుకొన్నాడు.

మిగిలింది కొండ ఒక్కటే. దారి ఇరుకు కావడంతో రథం దిగి, పురోహితుణ్ణి అక్కడే ఆపి, పాత్రను భుజాన పెట్టుకొని ధృతవ్రతుడు ఎక్కసాగాడు. నిరాహారంతో కాళ్ళు తడబడుతున్నా ఆగలేదు. పైన గూడెంలో పండుగనాటి పూలతోరణాలు వాడి వేలాడుతున్నాయి. మధ్యలో గిరిమాత గద్దె ముందు తడిసి ముద్దయిన బూడిద ఉంది. దాని చుట్టూ జనం కూర్చొని ఉన్నారు. తల్లుల ఒళ్ళో పిల్లలు ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లారు. కొండపెద్ద సామవ్వ, చేతినిండా పచ్చబొట్లు ఉన్న ముసలమ్మ, రాజును చూసి లేవలేదు.

"సామవ్వా, అన్నం తెచ్చాను. తినండి."

"నిప్పు ఆరిపోనాది రాజా. అమ్మ నిప్పు లేని ఊళ్ళో మేం మెతుకు ముట్టం. ముసిలోళ్ళం సరే, పసోళ్ళకీ పాలు తాపట్లేదు. అదే మా కట్టు."

"మళ్ళీ వెలిగించుకోకూడదా?"

"మేం వెలిగించకూడదు. ఆర్పిన చెయ్యే రాజెయ్యాల. నీ బంటు వచ్చి ఆర్పి ఎల్లిపోనాడు, ఇంక రాడు."

"ఆర్పింది వాడి చేయి కాదు, నా చేయి." ధృతవ్రతుడు పాత్రను కింద పెట్టాడు. "ఎట్లా రాజెయ్యాలో చెప్పు."

సామవ్వ ఆయనను ఎగాదిగా చూసి, లోపలికి వెళ్ళి, నిలువునా చీల్చిన ఎండు వెదురు బద్దనూ, దాని మీద అడ్డంగా రాయడానికి పదునుగా చెక్కిన ఇంకో బద్దనూ, పొట్లంలో ఎండుపీచునూ తెచ్చింది. "రంపం కోసినట్టు రాయాల. ఒకపాలి మొదలెడితే నిప్పు పుట్టేదాకా చెయ్యి తియ్యకూడదు, నోట్లో నీటిబొట్టు పడకూడదు. మద్దెలో ఆపితే ఆ వెదుర్లు పారేసి మళ్ళీ రేపు పొద్దున్నే మొదలెట్టాల. రేపటిదాకా ఈ పసోళ్ళు ఆగుతారో లేదో నాకు తెల్దు. ఇష్టమైతేనే కూకో."

ధృతవ్రతుడు బూడిద ముందు బాసింపట్టు వేసి కూర్చున్నాడు. కిరీటం తీసి పక్కన పెట్టాడు. రాయడం మొదలుపెట్టాడు. ధనుస్సు పట్టిన చేతులే అయినా, వెదురు మీద పని వేరు. కొంతసేపటికి అరచేతులు బొబ్బలెక్కాయి. తరువాత బొబ్బలు చితికాయి. వెదురు వెచ్చబడుతున్నది, పొగ మాత్రం రావడం లేదు. పీచు తేమ పీల్చిందేమోనని ఎవరో గొణిగారు. ఆయన రాస్తూనే ఉన్నాడు.

అప్పుడు రాణి హిరణ్యలేఖ, చేత తులసితీర్థపు బంగారు గిన్నెతో, ఆయాసపడుతూ కొండెక్కి వచ్చింది.

"ప్రభూ, ద్వాదశి ఇంకా ఒక్క ఘడియలో దాటుతుంది. అతిథి దొరకని ఆపత్సమయంలో తులసితీర్థం పుచ్చుకొంటే ఉపవాసం ముగిసినట్టేనని, మహర్షి నియమానికి భంగం ఉండదని శాస్త్రజ్ఞులందరూ ఒప్పుకొన్నారు. ఒక్క గుక్క తాగండి. ఏడాది తపస్సు నిలుస్తుంది. రాజ్యానికి వాన వస్తుంది."

"నోట్లో చుక్క పడితే ఈ నిప్పు పుట్టదు దేవీ."

"నాకు తెలుసు, గూడెం మొదట్లోనే చెప్పారు. వీరి పిల్లలను చూస్తూనే ఉన్నాను, నేనూ తల్లినే. కాని నది ఎండిన ఊళ్ళు కూడా మనవే కదా. ఎటు తూచాలో నాకు తెలియడం లేదు. మీరే చెప్పండి."

రాజు చేతులు ఆపకుండానే ఆలోచించాడు. ఎదురుగా బంగారు గిన్నెలో తీర్థం తొణుకుతున్నది. ఏడాది పస్తులు, ఎండిన శుభ్రవతి, బావి గట్ల మీద వరుసగా పెట్టిన ఖాళీ కుండలు, అన్నీ ఆ గిన్నెలో ఉన్నాయి. ఒక్క గుక్క చాలు. ఆయన కంట నీరు తిరిగింది. ఆ నీటిని తుడుచుకోవడానికి కూడా చేయి తీయలేదు.

"దేవీ, నిన్న ఈ నిప్పును తెలియక ఆర్పాను. ఇప్పుడు లేచి వెళితే తెలిసి ఆర్పినట్టవుతుంది. ద్వాదశి దాటిపోనీ. వ్రతం చెడితే మళ్ళీ మొదటి ఏకాదశి నుంచి మొదలుపెడతాను, ఈసారి నా ఒక్కడి పొయ్యే ఆర్పుకొంటాను. నది ఒడ్డు ఊళ్ళకు వెళ్ళి, వాన ఆలస్యమైంది నా తప్పు వల్లనేనని నా నోటితో చెప్పుకొంటాను. ఆ తీర్థం గిరిమాత గద్దె మీద పోసెయ్యి."

హిరణ్యలేఖ తీర్థాన్ని గద్దె మీద పోసి, కొంగు నడుముకు చుట్టుకొని, భర్త పక్కన కూర్చొని పీచును తన అరచేతుల మధ్య నలిపి ఆరబెట్టసాగింది. కింద నగరంలో ద్వాదశి ముగిసినట్టు శంఖం ఊదారు. కొండ మీదికి స్పష్టంగా వినిపించింది. వెదురు మీద రాజు చేతులు ఒక్క లిప్తకాలం కూడా తడబడలేదు.

ఎండ పడమటికి వాలుతుండగా వెదురు సందులోంచి సన్నగా పొగ లేచింది. తరువాత ఎర్రని కణం ఒకటి పీచులోకి జారింది. సామవ్వ వంగి ఊదింది. నిప్పు అంటుకొన్నది. గూడెమంతా ఒక్కసారి ఊపిరి వదిలింది. ఆడవాళ్ళు ఏడుస్తూనే కుండలు ఎక్కించారు. కొత్త సామలు ఉడికిన కమ్మని వాసన కొండంతా అలముకొన్నది.

సామవ్వ మొదటి గరిటె తీసి మోదుగాకు దొన్నెలో పోసి రాజు ముందు పెట్టింది. "నిప్పు రాజేసినోడికే మొదటి దొన్నె. నువ్వు తింటేగాని మేం తినం."

ధృతవ్రతుడు దొన్నెను చూసి నిట్టూర్చాడు. తిథి దాటినా, అతిథికి పెట్టనిదే ముట్టనన్న మాట ఆయనను విడవలేదు. "సామవ్వా, ఈ దొన్నె నాదేనా? నా ఇష్టమేనా?"

"నీ దొన్నెలో పడ్డాక నీ ఇష్టమే."

అప్పుడే గూడెం చివర నుంచి కర్ర ఊతంతో నడుచుకుంటూ ఒక ముసలివాడు వచ్చి రాజు ఎదుట చతికిలబడ్డాడు. "నాకు పెట్టు నాయనా. నిన్నటి నుంచి పస్తు. గుడి అరుగు మీద పడివుండేవాణ్ణి. రోజూ గుడి పొయ్యి మీద వండింది తినేవాణ్ణి. నిన్న దాని మీద కూడా నీళ్ళు పోశారు."

రాజు దొన్నెను రెండు చేతులా అందించాడు. ఏడాదిలో మొదటిసారిగా అతిథి ముఖం చూశాడు. తింటున్నప్పుడు ఆ ముసలివాడి కణతలు కదలడం, గడ్డం మీద సామ మెతుకు అంటుకోవడం, వేడికి ముద్దను ఊదుకోవడం, అన్నీ చూశాడు. ఆకలి తీరుతున్న మనిషి ముఖం ఇంత బాగుంటుందని ఆయనకు అంతవరకు తెలియదు.

"తృప్తి," అన్నాడు ముసలివాడు, వేళ్ళు నాకుతూ.

అనగానే, ఆ జీర్ణదేహం కనుమరుగై, శంఖచక్రగదాధరుడూ పీతాంబరశోభితుడూ వనమాలావిరాజితుడూ కరుణార్ద్రనేత్రుడూ అయిన శ్రీహరి రాజు ఎదుట సాక్షాత్కరించాడు. సామవ్వ కళ్ళకు మాత్రం కనిపించింది పచ్చబొట్ల చేతులతో, నెత్తిన సామకంకుల కిరీటంతో నిలబడిన గిరిమాత. ఎవరికి కనిపించినది వారు చూస్తూ ఇద్దరూ సాగిలపడ్డారు. ఆ తరువాత బ్రతికినన్నాళ్ళూ ఆ సంగతి మీద ఇద్దరూ వాదించుకొన్నారని, ఎవరూ తగ్గలేదని అంటారు.

"స్వామీ, ద్వాదశి దాటించాను. నీకు నైవేద్యం లేకుండా చేశాను. వరమడిగే ముఖం నాకు లేదు" అన్నాడు ధృతవ్రతుడు.

"ప్రతి నెలా నీ విస్తరి ముందు నేనే కూర్చున్నాను రాజా. నీవు చూడలేదు. ఈ నెల నీ దగ్గరికి ఏ గుమ్మం నుంచి రావాలో నాకే తెలియలేదు, అన్ని గుమ్మాలూ నీవే మూశావు. సరే, ఆ మాట అయిపోయింది. తిన్న ఇంటికి మేలు చేయడం అతిథికి ధర్మం. నేను తిన్నది ఎవరి కుండలోది?"

"సామవ్వది, స్వామీ."

"అయితే వరం ఆమె అడగాలి."

వ్రతం తనది, పస్తులు తనవి, వరం మాత్రం ఇంకొకరి చేతికి వెళ్ళింది. అయినా ఆ క్షణంలో ధృతవ్రతుడికి కష్టమనిపించలేదు. సామవ్వ వైపు ఆశగా చూశాడు. ఆమె చేతులు జోడించి నిలబడి, తల గోక్కొని, చాలాసేపు ఆలోచించింది.

"వాన కావాల అమ్మా. ఎండిపోయి ఉన్నాం. అయితే ఇప్పుడే వద్దు."

రాణి ఉలిక్కిపడి చూసింది.

"ఒడ్డు కాడ ఓడలోళ్ళు ఉన్నారు. రాత్రి ఆళ్ళకీ నా లెక్కే అయ్యిందంట. ఆళ్ళు చుక్క పొడిస్తేగాని తినరు. పొయ్యిలు ఇసకలో పెడతారు, పైన కప్పుండదు. ఇప్పుడు వాన పడితే ఈ రాత్రి కూడా పస్తే. ఆళ్ళు గంజి తాగేదాకా ఆగమను, ఆనక ఎంత కావాలంటే అంత కురవమను."

దేవుడు నవ్వాడో, దేవత నవ్విందో, ఆ నవ్వుతోపాటు రూపం అంతర్ధానమైంది. ధృతవ్రతుడు అక్కడే కూలబడి పసిపిల్లవాడిలా ఏడ్చాడు. ఏడాదంతా వానకోసం ఉపవసించిన తనకు తట్టని మాట, రెండు రోజుల ఆకలితో ఉన్న ఆ ముసలమ్మకు తట్టింది. సామవ్వ రెండో దొన్నె నింపి ఆయన ఒళ్ళో పెట్టి, "ఏడుపు ఆనక. ముందు తిను, మా పిల్లలు ఆగున్నారు" అంది. రాజు తిన్నాడు. ఎవరికో అతిథిగా కూర్చొని తినడం ఆయనకు అదే మొదలు.

తరువాత ఆయన ఆగలేదు. గిరిమాత నిప్పులు ఒక కుండలో నింపుకొని, బొబ్బలెక్కిన చేతులతోనే మోసుకొంటూ, రాణీసమేతంగా కొండ దిగాడు. పడమట అప్పటికే నల్లని మేఘాలు లేచి దిక్కంతా ఆక్రమించాయి. కాని గుమ్మం దగ్గర పిలుపుకోసం నిలబడ్డ చుట్టాల్లా అక్కడే ఆగిపోయాయి, ఒక్క చినుకూ రాల్చలేదు. రేవులో పొద్దుగూకుతూండగా రాజు ఇసుకలో మోకాళ్ళ మీద కూర్చొని ఒక్కొక్క పొయ్యిలోనూ నిప్పు వేశాడు. కోట నుంచి బియ్యమూ పప్పూ తెప్పించాడు. రాణి గంజి కలిపింది. మేఘాల మధ్య ఒకచోట చిన్న సందు తెరుచుకొని చుక్క కనిపించింది. నావికులు ప్రార్థించి ముంతలు ఎత్తారు.

రాజు ఎవరినీ తొందరపెట్టలేదు. ఆకాశం వైపు చూడనూ లేదు. పిల్లలు ముంతలు నాకడం, తల్లులు ఇంకొంచెం పొయ్యమనడం చూస్తూ కూర్చొన్నాడు. అందరిదీ అయ్యాక, సారంగుడు తన ముంతను ఇసుకలో బోర్లించి, మేఘాల వైపు ఒకసారి, రాజు వైపు ఒకసారి చూశాడు.

"మాది అయింది ప్రభూ. ఇక రమ్మనండి."

ధృతవ్రతుడు తల ఎత్తాడు. మొదటి చినుకు ఆయన అరచేతిలోని పచ్చి బొబ్బ మీద పడి చురుక్కుమన్నది. తరువాత శుభ్రవతి రెండు గట్లూ తడిసేదాకా, బావి గట్ల మీది కుండలు నిండి పొర్లేదాకా, రాత్రంతా కురిసింది.

మరునాడు ఇంటింటా పొగ లేచింది. నిర్గ్రంథ మునులు గుహల నుంచి దిగివచ్చి గృహస్థుల మిగులును దోసిట పట్టారు. నాటి నుంచి హేమకూలాన్ని ఏలినవారెవ్వరూ ఒకరి వ్రతాన్ని ఇంకొకరి పొయ్యి మీద చాటింపు వేయలేదు. ఏకాదశికి ముందురోజున రాజు స్వయంగా కొండకూ రేవుకూ వెళ్ళి, ఈసారి ఎవరికి పండుగ, ఎవరికి పస్తు అని అడిగి వచ్చేవాడు. ఈ కథను భక్తితో విన్నవారూ వినిపించినవారూ తమ విస్తరి ముందు కూర్చునేటప్పుడు పక్కింటి పొయ్యి మీద పొగ ఉన్నదో లేదో ఒక్కసారి చూతురుగాక. వారి ఊరి మీద సకాలంలో వర్షం కురియుగాక.